అవతలి టవరు

మా దీవిలో ఎవరైనా ఫోను చూసి టైము చెప్పారంటే వాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళని అర్థం. మా ఇళ్ళన్నింట్లోనూ గోడ గడియారాలు ఉంటాయి, వాటినే నమ్ముతాం. ఫోన్లను నమ్మలేం. పొద్దున్నే లేచి చూస్తే ఫోను ఏడంటుంది, గోడ మీద చూస్తే ఆరే. అంటే ఫోను మన టవరు వదిలేసి, నీళ్ళకు అవతల ఉన్న మలేషియా టవరు పట్టుకుందన్నమాట. వాళ్ళ గడియారం మాకంటే గంట ముందు. వాళ్ళ టవర్లకు మా దానికంటే బలం ఎక్కువ. గడియారం ఒక్కటే మారితే ఏ బాధా ఉండకపోను. ఇండోనేషియా నేల మీద, మన అరుగు మీద మనం కూర్చుని మాట్లాడుతున్నా సరే, ఆ టవరు పట్టుకుంటే పరాయి దేశం వెళ్ళి మాట్లాడినట్టే లెక్క కడతారు. దాన్ని రోమింగ్ అంటారు. పడవ ఎక్కింది లేదు, పాస్‌పోర్టు చూపింది లేదు, వేసుకున్న రీచార్జి అంతా ఒక్క గుటకలో మాయం.

లేమాన్ తాత సంగతి తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటాం. ఒక రంజాన్ నెలలో, బాగా మబ్బు పట్టిన సాయంత్రం, ఆయన ఫోను చూసి ఇంటిల్లిపాదిచేతా గంట ముందే ఉపవాసం విడిపించాడు. ఖర్జూరాలు తిని, శర్బత్ తాగి, "మసీదులో ఇవాళ కునుకు తీస్తున్నట్టున్నారు, పిలుపు ఇంకా వినబళ్ళేదు" అన్నాడట. పాపం మనవలతో సహా అందరూ ఆ ఉపవాసం మళ్ళీ ఉండాల్సి వచ్చింది. అప్పట్నుంచి ఆయన మాకు మలేషియా తాత.

ఇలాంటి చోట మర్దియా లాంటి మనిషి ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

జెట్టీ దగ్గర, నీళ్ళ మీద చెక్కలు పరిచిన దారిలో, నా కాఫీ కొట్టుకు ఆనుకునే ఆమె రీచార్జి కొట్టు. కొట్టంటే ఒక అద్దాల బీరువా, ఒక స్టూలు, పైన ఒక రేకు. నా పేరు రోగయా. నాకు నోరెక్కువని ఊరంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ. మర్దియాకి అసలు నోరే లేదు, కాబట్టి మా ఇద్దరికీ సరిపోయింది. ఆమె మాట్లాడాల్సిన మాటలన్నీ నేనే మాట్లాడేదాన్ని. ఆమె ఫోన్లు చూసేది.

ఎవరి ఫోనైనా సరే, తీసుకుని, దానంతట అదే టవరు వెతుక్కునే పద్ధతి ఆపేసి, మన కంపెనీ పేరు ఒక్కటే నొక్కి పెట్టేస్తుంది. ఇక ఆ ఫోను సిగ్నల్ లేక మూలన పడి ఉంటుందేగాని అవతలికి పోదు. దాన్ని గొళ్ళెం పెట్టడం అంటాం. ఇంటర్నెట్ ఆపేయడాన్ని కిటికీ మూయడం అంటాం. గొళ్ళెం పెట్టి కిటికీ మూస్తే ఇక ఆ ఫోనుకు దొంగల భయం లేదు. ఈ మాటలు మర్దియావే. తక్కువ మాట్లాడే మనిషి మాటలే ఊరంతా పాకుతాయి, నేను ఇంత వాగుతానా, నావి ఒక్కటీ ఎవరికీ గుర్తుండవు.

"దీని గొళ్ళెం ఊడింది, చూడమ్మా" అంటూ లేమాన్ తాత వచ్చేవాడు.

"ఫోను ఆపేశారా?"

"నేను ఆపలేదు. చార్జింగ్ లేక అదే ఆగిపోయింది."

"ఎలా ఆగినా ఊడుతుంది. ఆగి మళ్ళీ వెలిగిన ప్రతిసారీ నా దగ్గరికి రావాలని చెప్పానా లేదా?"

"మా ఆవిడ మొహం కన్నా నీ మొహమే ఎక్కువ చూస్తున్నాను ఈ మధ్య."

"చూసింది చాలు, డబ్బులు అక్కడ పెట్టి కదులు తాతా" అని నేను ఇటునుంచి అందుకునేదాన్ని. మర్దియా తల కూడా ఎత్తేది కాదు. కానీ పెదవి చివర కాస్త కదిలేది. అదే ఆమె నవ్వు.

ఆమె మొగుడు తర్మీజీ టగ్గు మీద పనిచేస్తాడు. టగ్గంటే చిన్న ఓడ. ఇసుకో బొగ్గో నింపిన, ఇంజన్ లేని పెద్ద బార్జిని వెనక తాడు కట్టి లాక్కుంటూ పోతుంది, మనిషి నడిచినట్టు నడుస్తుంది. దక్షిణాన సరుకు ఎక్కించుకుని, మా దీవి పక్కగా వెళ్ళి, జలసంధి వెంబడి పైకి పోయి, బర్మా దాకానో బంగ్లాదేశ్ దాకానో వెళుతుంది. మా దగ్గర ఆగదు. ఆగే హక్కు అందులో పనిచేసేవాళ్ళకు లేదు. ఆ పాత టగ్గులో రేడియో తప్ప ఇంకేమీ ఉండదు. దారిలో చిన్న చిన్న దీవుల దగ్గర సిగ్నల్ వచ్చీపోతూ ఉంటుంది గాని, తర్మీజీ ఫోను వెలిగించడు. మా కొండ కనబడ్డాకే వెలిగిస్తాడు, గొళ్ళెం పెడతాడు, పెళ్ళానికి ఫోను చేస్తాడు. ఉత్తరాన రాళ్ళ మలుపు దాటేదాకా మా టవరు అందుతుంది. అన్నం కుండ పొయ్యి మీద పెట్టి దించేంత సేపు. వాళ్ళ సంసారమంతా ఆ కాస్త సేపులోనే. మళ్ళీ నెలల తరబడి ఏమీ ఉండదు.

ఈ గొళ్ళెం సంగతి మర్దియా ఎందుకు నేర్చుకుందో కూడా చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో, ఒకసారి టగ్గు అలా పోతూ ఉండగా ఆమె ఫోనులో, "మీకొక మాట చెప్పాలి" అంది. "చెప్పు" అన్నాడతను. ఆమె సిగ్గుపడి కాస్త నసిగింది. ఈలోగా అతని ఫోను అవతలి టవరు పట్టుకుంది, ఉన్న డబ్బంతా ఊడ్చుకుపోయింది, లైను కట్. కడుపుతో ఉన్నానన్న మాట అలా నోట్లోనే ఉండిపోయింది. తర్వాతి తడవ టగ్గు ఇటు వచ్చేసరికి ఆమె పొట్ట జెట్టీ మీద నిలబడితే దూరం నుంచే కనబడేంత అయింది. ఆ రోజు నుంచి తర్మీజీ గొళ్ళెం మర్చిపోలేదు, కిటికీ తెరవలేదు. మర్దియా తన ఫోనుతో మొదలుపెట్టి ఊరి ఫోన్లన్నింటికీ గొళ్ళేలు పెట్టుకుంటూ వచ్చింది.

అలా పుట్టిన పిల్ల జహ్వా. తల్లి మాట్లాడని మాటలన్నీ ఇది మాట్లాడేది. నా కొట్టు దగ్గరే పెరిగింది. నా అరటికాయ బజ్జీల్లో సగం దాని పొట్టలోకే పోయాయి. టగ్గు కనబడితే చాలు, నా బల్ల మీది ఎర్ర ప్లాస్టిక్ గుడ్డను, దాని మీద కప్పులున్నాయా గ్లాసులున్నాయా అని కూడా చూడకుండా, సర్రున లాక్కుని జెట్టీ చివరికి పరిగెత్తేది. అక్కడ నిలబడి గుడ్డ ఊపేది. నేను వెనకాల నుంచి, "నీ కాళ్ళు విరగ్గొడతా, ఆ కప్పులకు ఎవడిస్తాడే డబ్బులు" అని అరిచేదాన్ని. అటు టగ్గు మీద నిలబడి తర్మీజీ, "అదిగో, కనబడుతోంది, ఎర్రగా కనబడుతోంది" అని ఫోనులో అనేవాడు. దూరం నుంచి చూస్తే అంతే కనబడుతుంది, ఒక ఎర్ర చుక్క. పిల్ల మొహం కనబడదు.

జహ్వాకి జ్వరం వచ్చింది. దోమకాటు జ్వరం. పడవలో పెద్ద దీవి ఆసుపత్రికి తీసుకెళ్ళాం, నేనూ వెళ్ళాను. వాళ్ళు చేయగలిగిందంతా చేశారు, ఎవరినీ ఒక మాట అనడానికి లేదు. పిల్ల పోయింది. దీన్ని ఇంకోలా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

మర్దియా ఏడవలేదు. తెల్లగుడ్డ చుట్టేటప్పుడూ ఏడవలేదు, కొండ మీదికి తీసుకెళ్ళేటప్పుడూ ఏడవలేదు. ఇంట్లో ప్రార్థనల రోజులు ఇంకా ముగియకుండానే వచ్చి కొట్టు తెరిచి కూర్చుంది. అమ్మలక్కలు గుసగుసలు మొదలుపెట్టారు, గుండెనా బండరాయా అని. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ ఇళ్ళలో ఏడుపులు అయిపోయి ఆమె ఏడుపు మీద పడ్డారా" అని అడిగేశాను. దాంతో నా కొట్టుకు కొన్నాళ్ళు రావడం మానేశారు, మానేస్తే మానేశారు.

"ఎలా ఉందే నీకు?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

చేతిలో ఉన్న ఫోను పక్కన పెట్టింది. "చెయ్యి ఒళ్ళు కింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కుతుంది చూడు, అలా ఉంది అక్కా. నాదే, కానీ నాది కానట్టుంది."

ఆమె అడిగింది ఒక్కటే. టగ్గు కంపెనీ ఆఫీసుకు ఫోను చేసి, తర్మీజీకి రేడియోలో చెప్పొద్దని అడిగింది. "రేడియోలో చెబితే ముందు కెప్టెన్ వింటాడు, తర్వాత వంటాయన వింటాడు, మా ఆయన చివర్న వింటాడు. నేను చెప్తాను" అంది. ఆఫీసువాళ్ళు సరేనన్నారు. అలాంటి కబురు మోసే పని తప్పిందంటే ఎవరు మాత్రం వద్దంటారు.

చిక్కంతా మా ఊరివాళ్ళతోనే వచ్చింది. పిల్ల ఫోటో పెట్టి, పక్కన ప్రార్థన రాసి, ప్రతివాడూ తన ఫోనులో స్టేటస్ పెట్టుకున్నాడు. బంధువుల గ్రూపు నిండా అవే. మంచి మనసుతోనే పెట్టారు, కాదనను. కానీ తర్మీజీ ఫోను వెలిగించి కిటికీ తెరిచాడంటే, పెళ్ళాం గొంతు వినకముందే ఆ ఫోటోలన్నీ వచ్చి అతని మీద పడతాయి. నేను ఇల్లిల్లూ తిరిగి తిట్టి తీయించాను. తీసినా ఏం లాభం, వెళ్ళినవి వెళ్ళిపోయాయి, అతని కోసం ఎక్కడో కాచుక్కూర్చుని ఉన్నాయి.

"ఆయన కిటికీ తెరవడు అక్కా" అంది మర్దియా. "చచ్చినా తెరవడు."

ఆ మాట అన్నాక తనే బీరువా అద్దం తుడవడం మొదలుపెట్టింది.

తర్వాత ఒకరోజు పొద్దున సమాద్ అనే జాలరి వేట నుంచి వచ్చి, తర్మీజీ వాళ్ళ టగ్గు దక్షిణ దీవుల దగ్గర కనబడిందని చెప్పాడు. దాని నడకకు మా దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మర్దియా ఇంటికెళ్ళి తన ఫోను తెచ్చుకుంది. కొట్టులో రీచార్జీలు పంపే ఫోను వేరు, ఇది ఇంటి ఫోను. ఆసుపత్రి నుంచి వచ్చాక పిల్ల బట్టల సంచిలోనే ఉండిపోయిందట, ఎవరో తీసి చార్జింగ్ పెట్టి ఉంచారు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. నేను ఆ రోజు పొయ్యి ఆర్పేశాను. కాఫీ అడిగినవాళ్ళను వెళ్ళిపొమ్మన్నాను.

నా బల్ల మీద ఎర్ర గుడ్డ ఉంది. చూస్తూ చూస్తూ ఉండలేక, "నేను వెళ్ళి ఊపనా?" అన్నాను. "నువ్వు చెప్పేలోగా అతను కంగారు పడకుండా ఉంటాడు."

"వద్దు."

"ఎందుకొద్దు? గుడ్డ కనబడకపోతే అతనికి అనుమానం రాదా?"

"కనబడితే పిల్ల ఉందనుకుంటాడు. కాసేపు సంతోషపడతాడు. ఆ తర్వాత నేను చెప్తాను. అది ఇంకా పాపం అక్కా."

గుడ్డ తీసి మడిచి, బియ్యం డబ్బా వెనక దాచాను.

టగ్గు కనబడింది. ముందు పొగ, తర్వాత టగ్గు, దాని వెనక చాలా దూరాన నల్లగా బార్జి. మర్దియా ఫోను వంక చూస్తూ కూర్చుంది. అది మోగలేదు. టగ్గు కొండకు ఎదురుగా వచ్చింది. ఇంకా మోగలేదు. నేను లేచి చెక్కల మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. ఆమె మాత్రం కూర్చున్న చోటు నుంచి కదల్లేదు, బస్సు కోసం కూర్చున్న మనిషి కూర్చున్నట్టు కూర్చుంది.

అప్పుడు మసీదు నుంచి పొద్దు వాలకముందు చేసే అసర్ నమాజు పిలుపు మొదలైంది. అలవాటు కొద్దీ గోడ గడియారం వైపు చూశాను. మూడున్నర. తర్వాత ఊరికే, ఏమీ ఆలోచించకుండానే, ఆమె ఒళ్ళో ఉన్న ఫోను వైపు చూశాను. నాలుగున్నర.

"మర్దియా, నీ ఫోను అవతల ఉందే."

ఆమె కిందికి చూసింది. ఆసుపత్రిలో ఆ ఫోను చార్జింగ్ లేక ఆగిపోయింది. ఎవరో మళ్ళీ వెలిగించారు. ఆగి వెలిగితే గొళ్ళెం ఊడుతుందని ఊరందరికీ చెప్పి చెప్పి అలిసిపోయిన మనిషి, తన ఫోను సంగతి చూసుకోలేదు. అవతలి టవరు మీద ఉన్న ఫోనుకు ఎవరైనా చేస్తే, వచ్చే కాల్‌కు కూడా మన డబ్బే పోతుంది. డబ్బు లేకపోతే ఆ కాల్ రానే రాదు. ఆ ఫోనులో దమ్మిడీ లేదు. అంటే తర్మీజీ ఇందాకటి నుంచి చేస్తూనే ఉండి ఉంటాడు, అందట్లేదని వింటూనే ఉండి ఉంటాడు. అలా వినీ వినీ, కంగారుపడి, ఏమైందో చూద్దామని కిటికీ తెరిస్తే.

"పెట్టు, తొందరగా గొళ్ళెం పెట్టు" అన్నాను. ఆమె వేళ్ళు కదిలాయి. అంతలో నా ఫోను మోగింది.

తర్మీజీ.

"రోగయా అక్కా, మర్దియా ఫోను అందట్లేదంటోంది. ఊరందరికీ గొళ్ళేలు పెట్టే మనిషికే గొళ్ళెం ఊడిందా ఏంటి?" నవ్వుతున్నాడు. వెనక ఇంజన్ మోత. "ఇందాక భయమేసి కిటికీ తెరుద్దామనుకున్నా. మళ్ళీ మీ చెల్లెలు తిడుతుందని ఆగా. అవునూ, ఇవాళ గుడ్డ ఊపట్లేదేం? బడికి పంపించారా దాన్ని?"

నాకు నోరెక్కువని చెప్పానుగా. అప్పుడు మాత్రం ఆ నోట్లోంచి ఒక్క మాట కూడా రాలేదు. పంపించాం అని ఒక అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఫోను మర్దియా చేతిలో పెట్టేశాను. ఇచ్చేటప్పుడు ఏది నొక్కానో ఏమో, అతని గొంతు బయటికే వినబడుతోంది.

"బాంగ్" అంది మర్దియా. మొగుణ్ణి ఎప్పుడూ అలాగే పిలుస్తుంది.

"హమ్మయ్య. ఏమైంది నీ ఫోనుకి?"

"మీ దానికి గొళ్ళెం ఉందా?"

"ఉంది తల్లీ, ఉంది. ముందు అదే అడుగుతావని తెలుసు."

"పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"వంటాయన ఉన్నాడు. చేపలు తోముతున్నాడు."

"ఆయన్ని అక్కడే ఉండమనండి."

"ఏంటి మర్దియా" అన్నాడు, గొంతు మారిపోయింది.

"జహ్వాకి జ్వరం వచ్చింది. పెద్ద దీవికి తీసుకెళ్ళాం. అక్క కూడా వచ్చింది. రక్తం ఎక్కించారు. జహ్వా లేదు. కొండ మీద పెట్టాం, మీ అమ్మ పక్కన."

టగ్గు మా కళ్ళ ముందే, ఎప్పుడూ వెళ్ళినట్టే, వెళుతోంది. దాని మీద ఎవరో నిలబడి ఉన్నట్టు కూడా కనబడలేదు.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు.

మర్దియా మళ్ళీ చెప్పింది. అవే మాటలు, అదే వరసలో, ఒక్క మాట పెంచకుండా, ఒక్క మాట తగ్గించకుండా. ఎన్ని రోజుల నుంచి ఆ మాటలు పేర్చి పెట్టుకుందో. చెబుతూనే రెండో చేత్తో తన ఫోను తీసి గొళ్ళెం పెట్టుకుంది. కళ్ళు అటు చూడను కూడా లేదు. వేళ్ళకు తెలుసు.

"సముద్రం కనబడుద్దా?" అని అడిగాడతను. "అక్కడ్నుంచి."

"చెట్లు అడ్డం ఉన్నాయి. కొంచెం కనబడుద్ది."

"ఇటువైపేనా?"

"ఇటే."

తర్వాత అతనేదో అన్నాడు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. టగ్గు రాళ్ళ మలుపు దగ్గరికి చేరింది. మా టవరు అక్కడితో ఆఖరు. లైను పోయింది. బార్జి కూడా నెమ్మదిగా మలుపు వెనక్కి వెళ్ళిపోయింది, నీళ్ళు ఖాళీ అయ్యాయి.

నేను ఆ టవరును తిట్టాను, టగ్గును తిట్టాను, ఆ కంపెనీని తిట్టాను. ఏడుస్తూ తిట్టాను. ఒక మనిషికి బిడ్డ పోయిందని చెప్పి అలా వదిలేయడం ఏమిటి. మర్దియా నా ఫోను నాకిచ్చేసి, స్టూలు మీద కూర్చుంది. చెప్పేసింది కదా, ఇక ఆమెకు చేయాల్సిందేమీ లేదు. ఎదురుగా నీళ్ళ వంక చూస్తోంది, కానీ చూస్తున్నట్టు లేదు.

ఆమె ఫోను మోగింది.

నాకు ముందు అర్థం కాలేదు. ఆ మలుపు దాటాక ఎప్పుడూ ఫోను రాలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. మర్దియా ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. నేను నా చెవి కూడా దానికి ఆనించాను.

"గొళ్ళెం తీసేశాను" అన్నాడు తర్మీజీ.

అవతలి టవరు పట్టుకుని చేస్తున్నాడు. మలుపు దాటాక ఆ ఒడ్డు వెంబడి చాలా దూరం దాకా మలేషియా టవర్లే. కావాలని, తెలిసి తెలిసి, ఫోనును పరాయి దేశానికి పంపి చేస్తున్నాడు. వేరే ఎప్పుడైనా అయితే మర్దియా అతన్ని ఉతికి ఆరేసేది.

"సరే" అంది.

అంతే. అతను ఏమీ మాట్లాడలేదు. ఈమె ఏమీ మాట్లాడలేదు. ఇంజన్ చప్పుడు, మధ్యలో అతని ఊపిరి. నాకు లోపల గాభరాగా ఉంది, ఆ టవరు ఎంత తింటుందో నాకు తెలుసు కదా. ఇప్పుడో ఇంకాసేపట్లోనో అతని డబ్బు అయిపోతుంది.

మర్దియా ఎడమ చేత్తో బీరువా అద్దం జరిపి, కొట్టు ఫోను తీసింది. అతని నంబరు కొట్టి రీచార్జి పంపింది. కాసేపాగి మళ్ళీ పంపింది. ఇంకాసేపాగి ఇంకోసారి. ఎవరో కొనడానికి వస్తే పంపినట్టే పంపుతోంది, మొహంలో ఏ మార్పూ లేదు. పరాయి టవరుకు ఒక్క పైసా పోకూడదని ఊరందరినీ కాపలా కాసిన మనిషి, కొట్టులో ఉన్నదంతా ఆ టవరు నోట్లో పోస్తోంది.

ఆ సమయానికే లేమాన్ తాత రావాలా. చెక్కల మీద టకటకమంటూ వచ్చి, "దీనికి మళ్ళీ ఊడింది" అని ఫోను చాపాడు. నేను కళ్ళు ఉరిమాను. మర్దియా మాత్రం చెవి దగ్గరి ఫోనును భుజంతో నొక్కి పట్టుకుని, తాత ఫోను తీసుకుని, గొళ్ళెం పెట్టి ఇచ్చేసింది. తాత అప్పుడు చూశాడు ఆమె మొహం. ఎవరితో మాట్లాడుతోందని నన్ను సైగతో అడిగాడు. చెప్పాను. మలుపు దాటిపోయిందని కూడా చెప్పాను. ఆయన అక్కడే చెక్కల మీద చతికిలబడ్డాడు. కొంచెం సేపటికి జేబులో ఉన్నదంతా తీసి బీరువా మీద పెట్టి, "నాది కూడా వేసెయ్యమ్మా వాడికి" అన్నాడు.

కబురు ఎలా పాకిందో నాకు తెలియదు. సమాద్ వచ్చాడు. నేను తిట్టి పంపిన అమ్మలక్కలు వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు బీరువా మీద ఏదో ఒకటి పెట్టి, చెక్కల మీద కూర్చున్నారు. మర్దియా పంపుతూ ఉంది. అటు నుంచి ఒకసారి అతని ఏడుపు వినబడింది, మగాళ్ళు ఏడ్చినట్టు, దగ్గులాగా. తర్వాత మళ్ళీ ఇంజన్ చప్పుడే. నేను గల్లాపెట్టె తెచ్చి అలాగే ఆమె ముందు బోర్లించాను. పోనీ. కాఫీ పొడి తర్వాత తెచ్చుకోవచ్చు.

పొద్దు వాలుతున్నప్పుడు ఆ చప్పుడు పలచబడింది. ఒకసారి ఆగి మళ్ళీ వచ్చింది. ఇంకోసారి ఆగింది, ఇక రాలేదు. మర్దియా ఫోను చెవి దగ్గర్నుంచి తీయలేదు. కొట్టు ఫోనులో మళ్ళీ అతని నంబరు కొట్టబోతే నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అయిపోయిందే" అన్నాను.

"అవలేదు అక్కా" అంది. "ఇందాకే వేశాను. ఆయన దగ్గర బాలెన్స్ ఇంకా ఉంది."

నిజమే. డబ్బు ఉంది. సముద్రంలో టవర్లే అయిపోయాయి. మా బతుకుల్లో ఎప్పుడూ డబ్బే ముందు అయిపోయేది.

"ఇంకా ఉంది అక్కా" అని మళ్ళీ అంది. మూడోసారి అనబోతే మాట రాలేదు, నోరు వంకరపోయింది. పిల్ల పోయాక మొదటిసారి ఏడ్చింది. గట్టిగా, నలుగురూ ఉన్నారని కూడా చూడకుండా, ఆ ఫోను చెవికి పెట్టుకునే ఏడ్చింది. నేను పట్టుకున్న చెయ్యి వదల్లేదు.